బ్యాటు మీద గాటు

సోల్వై కొట్లోకి అడుగుపెట్టి, తలుపు పక్కనే నిలబడి వీధిలోకి ఒకసారి తొంగి చూసింది. తెలిసినవాళ్ళెవరూ రావడం లేదని నమ్మకం కుదిరాక చంకలోని పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. తువ్వాల్లో చుట్టిన షటిల్ బ్యాటు అది.

"దొంగసొత్తు అమ్మడానికి వచ్చినట్టున్నావే," అంది కొట్టు నడిపే మెరేట. ఆమె గట్టింగ్ మిషన్ మీద ఎవరిదో బ్యాటుకి తీగ బిగిస్తోంది.

"దొంగతనమే అనుకో. తోర్కిల్ నిద్రపోతుంటే ఎత్తుకొచ్చాను."

మెరేట తీగ వదిలేసింది. ఫోబోర్ ఊళ్ళో షటిల్ ఆడేవాళ్ళెవరైనా ఆ పేరు వింటే చేతిలో పని ఆపుతారు. సోల్వై మొగుడు తోర్కిల్ బతుకంతా పడవల కార్ఖానాలో వడ్రంగం చేశాడు. సాయంత్రాలు మాత్రం క్లబ్బు హాలువి. క్లబ్బులో కొత్తగా చేరిన పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి మణికట్టు తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "నీకు బరువుది. నీకు తేలికది. నువ్వు ముందు సరిగా నిలబడటం నేర్చుకో, బ్యాటు సంగతి తర్వాత," అని తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. మెరేట మొదటి బ్యాటు కూడా ఆయన చెప్పిందే. నలభై దాటినా ఆమె ఇంకా ఆ బరువులోనే ఆడుతోంది.

అలాంటి మనిషికి కిందటి చలికాలం పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, అదృష్టం. కుడి కాలు కాస్త ఈడుస్తూ నడుస్తున్నాడు. కుడి చెయ్యి పట్టుకుంటుంది గాని, ఏం పట్టుకుందో దానికి సరిగా తెలియదు. వేడి గిన్నె అయినా చన్నీళ్ళ గ్లాసు అయినా ఒకటే. భుజం ఛాతీ ఎత్తు దాకా లేస్తుంది, ఆపైన నావల్ల కాదంటుంది. ఇంతకు మించి రాదని ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి సోల్వైని పక్కకు పిలిచి చెప్పింది. తోర్కిల్‌కీ చెప్పింది. ఆయన విన్లేదు.

"గురువారం గంట పోతుంది, మెరేటా," అంది సోల్వై.

అంతకంటే ఏమీ చెప్పక్కర్లేదు. ఆ క్లబ్బులో వారంలో ఒక గంట, ఒక కోర్టు, ఒక నలుగురు. వాళ్ళు మానుకునేదాకా అది వాళ్ళదే, ఇంకెవరూ అడగరు. కాని సెప్టెంబరు మొదటి వారంలో ఆ నలుగురూ బ్యాట్లతో కోర్టులో నిలబడి తీరాలి. ఒక్కరు రాకపోయినా గంట మరొకరికి పోతుంది. నాలుగో కోర్టులో గురువారం సాయంత్రం గంట ముప్ఫై ఏళ్ళుగా రెండు జంటలది. ఇటు తోర్కిల్, సోల్వై. అటు పాల్లె, బోదిల్. పెళ్ళయిన కొత్తలో పట్టుకున్న గంట అది. ఆ గంట పోతే తోర్కిల్ మళ్ళీ హాలు గడప తొక్కడని సోల్వైకి తెలుసు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటాడు, రోజుకింత కుంగిపోతాడు. వేసవంతా చూసింది కదా.

"ఆయనేమంటాడు?"

"నా బ్యాటుతో ఆడితే ఆడతాను, లేకపోతే లేదంటాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు."

మెరేట తువ్వాలు విప్పింది. ముదురాకుపచ్చ బ్యాటు. కర్ర కడ్డీలా బిగుసు, బరువంతా తల వైపు. వెనక లైను దగ్గర నిలబడి పైనుంచి విరుచుకుపడే మగాడి బ్యాటు. పిడికి టవలు గుడ్డ గ్రిప్పు లావుగా చుట్టి ఉంది.

"ఈ చేత్తో ఇది ఎత్తితే భుజం ఊడి వస్తుంది," అంది. గోడ మీంచి మూడు బ్యాట్లు తీసి బల్ల మీద పరిచింది. "చూడు. ఇది తేలిక, కాని కర్ర బిగుసు, విసురుండాలి. ఇది మెత్తన, కాని తల బరువు. ఇదిగో, ఇది సరిపోతుంది. తల తేలిక, కర్ర వంగుతుంది, తీగ కాస్త వదులుగా వేస్తాను. వేళ్ళు ఆడిస్తే చాలు, షటిల్ కాక్ నెట్ దాటుతుంది. ముందు నిలబడేవాళ్ళ బ్యాటు. నీ బ్యాటు లాంటిదే."

"ఆ సంగతి ఆయనకీ తెలుస్తుంది. చూడగానే విసిరికొడతాడు." సోల్వై మూడో బ్యాటు చేతిలోకి తీసుకుంది. "ఇదే కంపెనీలో, ముదురాకుపచ్చలో, ఇంత తేలికది దొరుకుతుందా?"

మెరేటకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం మాడ్చుకుంది.

"వద్దు, సోల్వై. పిల్లల ఆటలా ఇది? చెయ్యి మరిచిపోయినా బ్యాటు మరిచిపోదు."

"ఆయన చేతికి బరువు తెలియదే! అదేగా మన బాధ. అదే ఇప్పుడు మనకి పనికొస్తుంది."

"తెలిస్తే?"

"తెలియదు. నా పనేమిటో మరిచావా?"

మరవలేదు. సోల్వై కట్టుడు పళ్ళు చేస్తుంది. ఆ ఊళ్ళో సగం మంది నోళ్ళలో ఆమె చేతి పని ఉంది. పక్క పన్నుకి కాఫీ మరక ఉంటే కొత్త పన్నుకీ అదే మరక పెడుతుంది. పాత పన్ను అంచు విరిగి ఉంటే కొత్తదాని అంచూ అలాగే అరగదీస్తుంది. అద్దంలో చూసుకున్నవాడికే ఏది తనదో, ఏది కాదో తెలియకూడదు. ఆ విద్య ఇలా మొగుడి మీద ప్రయోగించాల్సి వస్తుందని ఆమె మాత్రం అనుకుందా?

మెరేట సణుగుతూనే లోపలికి వెళ్ళి పెట్టెలు తిరగేసింది. ఆ రంగుదే ఒకటి దొరికింది. తోర్కిల్‌కి బూట్లు కొనే దగ్గర మాత్రం సోల్వై ఎంపిక సాగలేదు. "కాలు ఈడ్చే మనిషికి ఆ జిగురు అడుగు పనికిరాదు. నేలకి పట్టేసి బోర్లా పడతాడు. అంచులు గుండ్రంగా ఉన్నవి తీసుకో, ఒక సైజు పెద్దవి, లోపల మందపు మేజోడు పట్టాలి," అని మెరేట తనే ఎంచి సంచిలో వేసింది. తర్వాత చేతులు కట్టుకుని నిలబడింది.

"సరే. ఆయన నెట్ దగ్గర నిలబడతాడు. మరి వెనక నుంచి కొట్టేదెవరు?"

"నేను."

"దేనితో? నీ విసనకర్రతోనా?"

మెరేట తోర్కిల్ బ్యాటు అందుకుని, పిడికి ఉన్న టవలు గ్రిప్పు మెల్లగా విప్పి పక్కన పెట్టింది. దాని చోట సన్న గ్రిప్పు చుట్టింది. పాత తీగ కోసేసి కొత్త తీగ కాస్త వదులుగా వేసింది. బ్యాటు సోల్వై చేతికిచ్చింది.

"ఇది ఆయనది," అంది సోల్వై.

"ఆయనకి వేరేది తయారు చేస్తున్నావుగా. ఇది మూలపడి ఏడవాలా? ఆయనది పూర్తయ్యాక రోజూ పొద్దున్నే హాలుకి రా. నేను కాక్ పైకి లేపుతాను, నువ్వు కొట్టు."

సోల్వై పిడి బిగించి పట్టుకుంది. చాలా ఏళ్ళ తర్వాత ఆమె చెయ్యి బరువు ఎరిగింది.

చెప్పాలంటే అదొక పాత కథ. పెళ్ళికి ముందు సోల్వై ఒంటరి ఆట ఆడేది, ఆ చుట్టుపక్కల ఆమె స్మాష్ అంటే అబ్బాయిలు కూడా జంకేవాళ్ళు. తోర్కిల్ వచ్చాడు, మణికట్టు పట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. "నీకు చురుకుంది. తేలికది తీసుకో. ముందు నువ్వు, వెనక నేను," అన్నాడు. ఆడా మగా జంటగా ఆడేచోట అందరూ అలాగే ఆడతారు. అది తప్పని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కప్పులు కూడా గెలిచారు. కాని ముందు నిలబడ్డవాళ్ళు వెనక్కి తిరగకూడదు, తిరిగితే కాక్ కంట్లో కొడుతుంది. అది తోర్కిల్ నేర్పిన మొదటి పాఠం. అందుకని ఈ ముప్ఫై ఏళ్ళలో మొగుడు ఆడుతుండగా ఆమె చూసింది లేదు. విన్నది అంతే. వెనక బూటు కిర్రుమనడం, ఊపిరి బిగబట్టడం, ఫట్‌మనే దెబ్బ. దెబ్బ బాగా పడితే ఆమె తిరక్కుండానే బ్యాటుతో తొడ మీద రెండుసార్లు తట్టేది. బాగుంది అని అర్థం. అంతకుమించి వాళ్ళ మధ్య కోర్టులో మాటల్లేవు.

తోర్కిల్ వ్యాయామానికి వెళ్ళిన మధ్యాహ్నాలు సోల్వై వంటింటి బల్ల మీద రెండు బ్యాట్లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. పళ్ళు అరగదీసే సన్న ఆకురాయితో కొత్తదాని మెరుపు పోగొట్టింది. కర్ర మీది అక్షరాలు పాతదాని మీద చెరిగిపోయినంత మేర చెరిపింది. తల అంచున రంగు లేచిన చోట రంగు లేపింది. పాల్లె బ్యాటు తగిలి సొట్టపడిన చోట సొట్ట పెట్టింది. కర్ర మధ్యలో ఒక చోట గోటితో గీకినంత గాటు కనబడింది. ఎక్కడ ఎలా పడిందో పాపం, అనుకుని అదే కొలతలో, అదే చోట కొత్తదాని మీదా గాటు పెట్టింది. చివరికి ఆ పాత టవలు గ్రిప్పు తెచ్చి, మరకల వరస తప్పకుండా కొత్త పిడికి చుట్టింది. రెండూ ఎత్తి వెలుగులో చూసింది. కన్న తల్లి కూడా ఏది ఏదో పోల్చుకోలేదు.

తోర్కిల్ పుట్టినరోజు పొద్దున బల్ల మీద ఆనవాయితీ ప్రకారం చిన్న జెండా నిలబెట్టి, క్రీము కేకు పెట్టి, పక్కన ఆ బ్యాటు పెట్టింది.

"గట్టింగ్ కొత్తది వేయించాను. నీ బ్యాటుతోనే ఆడతానన్నావుగా."

తోర్కిల్ కేకు ముట్టలేదు. బ్యాటు కుడిచేత్తో తీసుకుని పెరట్లోకి నడిచాడు. మోచెయ్యి ఆడించాడు. మణికట్టు తిప్పాడు. బ్యాటు చులాగ్గా ఊగింది. ఆయన ఆగిపోయి తన చెయ్యి వంక చూసుకున్నాడు.

"సోల్వై! ఇలా రా!"

ఆమె పట్టేశాడనుకుంది. పరుగెత్తింది.

"చూశావా?" తోర్కిల్ మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. "మే నెలలో ఇది ఎత్తలేకపోయాను, గుర్తుందా? నేలకి వాలిపోయేది. ఇప్పుడు చూడు! చెయ్యి తిరిగొస్తోంది. ఆ ఆసుపత్రి పిల్ల రాదంది. దానికేం తెలుసు?"

ఇదా తాను చేసింది? బ్యాటు తేలికైతే చెయ్యి బాగుపడిందనుకుంటాడని ఆమెకి తోచనే లేదు. ఎంత సేపూ ఆయన్ని హాలుకి ఎలా చేర్చాలా అన్నదే ఆలోచించింది గాని, దారిలో ఆయన ఏం నమ్ముతాడో ఆలోచించలేదు. చెప్పేద్దామని నోరు తెరిచింది. అప్పటికే ఆయన లోపలికి పోయి పాల్లెకి ఫోను చేస్తున్నాడు. "ఒరే పాల్లె, బోదిల్‌కి చెప్పు, నా స్మాష్‌కి కొత్త కళ్ళజోడు కొనుక్కోమని!" అవతల పాల్లె నవ్వడం ఇక్కడికి వినిపించింది. ఎన్ని నెలలైంది ఆ ఇంట్లో నవ్వు విని!

ఇంక ఎలా చెప్తుంది? మింగలేక కక్కలేక ఊరుకుంది.

ఆ రోజు నుంచి తోర్కిల్ పొద్దున లేవగానే చెయ్యి చూసుకునేవాడు. పెరట్లో బ్యాటు ఊపేవాడు, పైకి ఎత్తడానికి ప్రయత్నించేవాడు. "ఇంకొంచెం. మొదటి గురువారానికి చెవి దాకా, క్రిస్మస్‌కి పైదాకా," అనేవాడు. సోల్వై కాఫీ పోసి తల ఊపేది. పొద్దున్నే బజారు వంక పెట్టుకుని సైకిలెక్కి హాలుకి పోయేది. ఖాళీ కోర్టులో మెరేట కాక్ పైకి లేపుతుంటే తోర్కిల్ అసలు బ్యాటుతో వెనక లైను నుంచి కొట్టేది. మొదటి రోజు చెయ్యి వాచింది. మూడో రోజు కాక్ మెరేట కాళ్ళ దగ్గర పడింది. ఆ శబ్దం ఆ హాల్లో ఆమె ముప్ఫై ఏళ్ళుగా వింటోంది. ఇప్పుడు తన చేతిలోంచి వచ్చింది. ఆనందం ఆగలేదు. ఆ వెంటనే సిగ్గేసింది. ఇంట్లో మనిషి అబద్ధాన్ని ఊపుతూ కూర్చుంటే తానిక్కడ మురిసిపోతోంది.

"చెప్పెయ్యవే," అనేది మెరేట రోజూ.

"రేపు," అనేది సోల్వై.

ఆ రేపు రాకుండానే గురువారం వచ్చింది.

హాలు వాకిట్లో సైకిళ్ళు నిండిపోయాయి. లోపల ఎప్పటి వాసనే. చెక్క నేల, రబ్బరు, కాంటీనులోంచి కాఫీ. తోర్కిల్ నడవాలోకి రాగానే పక్క కోర్టుల్లో ఆట ఆగింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. తోర్కిల్ ఎడమ చెయ్యి ఎత్తి, "చాలు చాలు, ఇంకా చావలేదు," అన్నాడు. కొత్త బూట్లతో మెల్లగా నాలుగో కోర్టుకి నడిచాడు. సోల్వై వెనకాల రెండు సంచులూ మోసుకుంటూ వచ్చింది. తన సంచిలో అడుగున ఆయన అసలు బ్యాటు ఉంది. ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పలేదు, తీయడానికి ధైర్యం లేదు.

పాల్లె ముందే వచ్చి నెట్ కట్టాడు. వీపు మీద ఒక్కటి చరిచి, "ఏరా, ముసలి పడవా, మళ్ళీ నీళ్ళలోకి దిగావా?" అన్నాడు. బోదిల్ తోర్కిల్‌ని కావలించుకుని కళ్ళు తుడుచుకుంది.

సోల్వై అలవాటు ప్రకారం ముందుకు నడిచి నెట్ దగ్గర నిలబడింది. మొదట ఆయన వెనక నిలబడి నాలుగు దెబ్బలు కొట్టుకుంటాడు, చెయ్యి లేవదు, అప్పుడు మెల్లగా చెప్పి చోటు మార్చుకోవచ్చు. అదీ ఆమె లెక్క. వెనక తోర్కిల్ ఊపిరి వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలా సేపు లేదు. ఎదురుగా పాల్లె మొహంలో నవ్వు పోవడం చూసి ఆమె తిరిగింది. ఆ కోర్టులో ఆమె తిరగడం అదే మొదలు.

తోర్కిల్ బ్యాటుని ఎడమచేతి చూపుడువేలి మీద అడ్డంగా నిలబెడుతున్నాడు. గాటు దగ్గర వేలు పెట్టాడు. బ్యాటు పిడి వైపు వాలిపోయింది. మళ్ళీ గాటు చూసుకుని సరిగ్గా పెట్టాడు. మళ్ళీ పిడి వైపే వాలింది.

అది దెబ్బ తగిలి పడ్డ గాటు కాదు. బ్యాటు కొన్న రోజున తోర్కిల్ తన ఉలితో పెట్టుకున్న గుర్తు. తలా పిడీ సరితూగే చోటు అది. ప్రతి ఆటకీ ముందు, వెనక లైను దగ్గర నిలబడి, బ్యాటుని ఆ గాటు మీద ఒకసారి నిలబెట్టుకుని చూస్తాడు. పాల్లె ఎరుగును, బోదిల్ ఎరుగును, పక్క కోర్టువాళ్ళు కూడా ఎరుగుదురు. ఎరగనిది ఆయనకి వీపు పెట్టి నిలబడే సోల్వై ఒక్కతే. మెరేటని అడిగినా చెప్పేది. గీత అనుకున్నదాన్ని ఎవరైనా ఎందుకు అడుగుతారు?

"నా బ్యాటేదీ?" అన్నాడు తోర్కిల్. గొంతు పెంచలేదు.

పాల్లె ఏదో అనబోయాడు. బోదిల్ అతని మోచెయ్యి పట్టి, "రా, కాఫీ తాగొద్దాం," అని లాక్కుపోయింది.

తోర్కిల్ గోడవార బెంచీ మీద కూర్చున్నాడు. సోల్వై ఎదురుగా నిలబడింది.

"నేనే చేశాను. రంగు, సొట్టలు, అన్నీ. నీ చేతికి తెలియదని చేశాను," అంది.

"చెయ్యి తిరిగొచ్చిందనుకున్నాను."

"తెలుసు."

"రోజూ పొద్దున లేచి చూసుకునేవాణ్ణి. నువ్వు పక్కన నిలబడి కాఫీ పోశావు." ఆయన కుడి చెయ్యి ఎత్తి ఆమెకి చూపించాడు. "నా చెయ్యి పోయింది, సరే. బుర్ర కూడా పోయిందనుకున్నావా? నేనేమైనా నీ దగ్గరికొచ్చి నోరు తెరిచే రోగినా, పన్ను పెట్టి పంపెయ్యడానికి?"

సోల్వై ఏడవకూడదనుకుంది, ఏడ్చింది. "తప్పే. బుద్ధి లేని పని చేశాను. పుట్టినరోజు నాడే చెప్పాల్సింది. నువ్వు నవ్వావు తోర్కిల్. ఆ నవ్వు ఎలా తీసెయ్యను? నువ్వా కుర్చీలోంచి లేవవని భయమేసింది. ఈ గంట పోతే నువ్వే పోతావని భయమేసింది."

పక్క కోర్టులో పిల్లలు ఆట మొదలుపెట్టారు.

"అసలుదేదీ?"

ఆమె సంచి జిప్పు లాగి ఇచ్చింది. ఆయన ఎడమచేత్తో అందుకుని వేలి మీద నిలబెట్టాడు. గాటు మీద బ్యాటు నిలిచింది. తల వైపు వెంట్రుకవాసి వాలి ఆగింది.

"పిడి తేలికైంది," అన్నాడు. గ్రిప్పు వంక చూశాడు. సన్న గ్రిప్పు, చిన్న చేతి కొలత. చెమటకి నల్లబడి ఉంది. "దీంతో ఎవరు ఆడుతున్నారు?"

ఇంకో అబద్ధం ఆమె దగ్గర లేదు. "నేను. పొద్దున్నే, మెరేటతో. వెనక నుంచి ఎవరో ఒకరు కొట్టాలి కదా."

"పడుతోందా?"

"పడుతోంది."

"ఎక్కడ?"

"కాళ్ళ దగ్గర. ఒక్కోసారి లైను మీద."

"ఎలా ఉంది నీకు?"

ఎవరూ ఆమెని ఆ మాట అడగలేదు, ఈ ముప్ఫై ఏళ్ళలో. "బాగుంది," అంది. "నువ్విలా ఉండగా చెప్పడానికి సిగ్గేస్తోంది. కాని చాలా బాగుంది, తోర్కిల్."

తోర్కిల్ బ్యాటుని కుడిచేతికి మార్చుకుని లేచి నిలబడ్డాడు. ఎత్తాడు. ఛాతీ దాకా లేచింది. పళ్ళు బిగించి ఇంకా ఎత్తబోయాడు. మెడ నరాలు తేలాయి. బ్యాటు వణికి, కిందికి వాలిపోయింది. ఆయన దాన్ని బెంచీ మీద పెట్టాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. సోల్వై దగ్గరికి వెళ్ళబోయి ఆగింది.

అప్పుడు తోర్కిల్ ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తన కుడి మణికట్టు తానే పట్టుకున్నాడు. క్లబ్బులో చేరిన పిల్లల్ని పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. వరసలో నిలబడ్డ పిల్లలకి చెప్పిన గొంతుతోనే చెప్పాడు.

"నీకు తేలికది."

తర్వాత చెయ్యి చాచి సోల్వై మణికట్టు పట్టుకున్నాడు. పెళ్ళికి ముందు ఒకసారి పట్టుకున్నాడు అలా. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"నీకు బరువుది. మొదట్లోనే చెప్పాల్సింది. నాకు అప్పుడూ తెలుసు," అన్నాడు.

ఆమె ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంది.

తోర్కిల్ బెంచీ మీద కూలబడి ఆ దొంగ బ్యాటు ఒళ్ళో పెట్టుకుని టవలు గ్రిప్పు పీకడం మొదలుపెట్టాడు. "ఈ బొంతేమిటి దీనికి? నెట్ దగ్గర వేళ్ళతో ఆడే బ్యాటుకి ఇంత లావు గ్రిప్పా? ఎవరు చుట్టారో వాళ్ళకి ఆట తెలియదు. నీ దగ్గర సన్నది ఉందా?" ఉంది. సోల్వై మోకాళ్ళ మీద కూర్చుని చుట్టింది, ఆయన పిడి తిప్పుతూ పోయాడు. "బిగించు. ఇంకా. పళ్ళకైతే ఇలాగే వదులుగా పెడతావా?" ఆమెకి ఏడుపులో నవ్వొచ్చింది. చుట్టడం అయ్యాక ఆయన జేబులోంచి చాకు తీశాడు. బ్యాటుని వేలి మీద అటూ ఇటూ జరిపి, అది నిలిచిన చోట కొత్త గాటు పెట్టాడు.

పాల్లె, బోదిల్ తిరిగొచ్చారు. కొత్త డబ్బాలోంచి కాక్ తీస్తే వెనక లైను నుంచి ఒక దెబ్బ కొట్టి వేగం చూడటం ఎప్పుడూ తోర్కిల్ పని. పాల్లె అలవాటు కొద్దీ ఆయనకే అందించాడు. తోర్కిల్ అందుకుని, ఈకలు ఒకసారి నిమిరి, సోల్వై చేతిలో పెట్టాడు.

"వెనక్కి నడువు," అన్నాడు.

తాను ముందుకు నడిచాడు, కాలు ఈడుస్తూ, నెట్ దాకా. బ్యాటు ఛాతీ ఎత్తున పట్టుకుని నిలబడ్డాడు. సోల్వై వెనక లైను మీద నిలబడి ఆయన వీపు చూసింది. భుజాలు ఒకటి కిందికి, ఒకటి పైకి. మెడ వెనక జుట్టు తెల్లబడింది. ఆటలో ఆ మనిషి ఇలా ఉంటాడని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

పాల్లె సర్వీసు తోర్కిల్ వైపే వచ్చింది, మెత్తగా. ఆయన వేళ్ళు కదిలాయి. కాక్ నెట్ మీంచి అటు జారింది. బోదిల్ పరుగున వచ్చి దాన్ని అందుకుని ఎత్తుగా లేపింది. అది తోర్కిల్ తల మీంచి వెనక్కి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాక్ ఆయనది. ఒళ్ళంతా దాని వైపు లాగింది. మెడ తిరగబోయింది.

"తిరగకు!" అని అరిచింది సోల్వై.

మెడ ఆగింది. ఆయన నెట్ వంకే చూస్తూ నిలబడ్డాడు. సోల్వై బూటు కిర్రుమంది. ఊపిరి బిగబట్టి, గాలిలోకి లేచి, తోర్కిల్ బ్యాటుతో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. కాక్ ఆయన చెవి పక్క నుంచి దూసుకుపోయి పాల్లె కాళ్ళ దగ్గర పడింది.

పాల్లె కదల్లేదు. బోదిల్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

తోర్కిల్ వెనక్కి తిరగలేదు. చేతిలోని తేలిక బ్యాటు కిందికి దించి, తన తొడ మీద రెండుసార్లు తట్టాడు.